ఊంజల మండపము కప్పుమీది తెలుగు: వృద్ధులకు చిత్రకళాచరిత్ర పాఠములు

మధుర మీనాక్షీ సుందరేశ్వరాలయములో స్వర్ణపద్మ పుష్కరిణికి పడమటి దరిని ఊంజల మండపమను చిన్న కట్టడ మొకటి కలదు. శుక్రవారములందు అమ్మవారిని, స్వామిని ఉయ్యెలపై నుంచి సేవించుట యక్కడి ఆచారము. యాత్రికులు కొలనును చూతురు, గోపురములను చూతురు, ఉయ్యెలను చూతురు. తల యెత్తి కప్పును చూచువారు తక్కువ. ఆ కప్పుమీద మీనాక్షీ కల్యాణము చిత్రింపబడియున్నది. రాణి మంగమ్మయు, ఆమె మనుమడు విజయరంగ చొక్కనాథుడును ఆ చిత్రములలో నున్నారు. ఎవరెవరో తెలియుటకై పేళ్ళు వ్రాయబడినవి. ఆ వ్రాతలు రెండు లిపులలో నున్నవి. ఒకటి తమిళము, మరియొకటి తెలుగు.

గుడి తమిళదేశమున నున్నది. దేవి పాండ్యరాజపుత్రి. అట్టిచోట తెలుగున పేరు వ్రాయుటకు చిత్రకారుని కేమి పని? ఆ మండపమునకు వచ్చువారిలో తెలుగు చదువరు లుండిరి గనుక వ్రాసెను. చూచువారికి తెలియని లిపిలో ఎవడును బొమ్మకు పేరు పెట్టడు. మూడువందల యేండ్లనాడు మధురలో తెలుగు చదువరు లుండిరనుటకు వేరు సాక్ష్యము వెదుకనక్కరలేదు. ఆ కప్పే చాలును. ఆ చదువరుల సంతతివారు నేడును ఈ నగరమునను, చుట్టుపట్ల పల్లెలందును ఉన్నారు. ఇంట తెలుగే మాటలాడుదురు. కాని వారిలో పెక్కురకు తెలుగక్షరములు రావు. కప్పు క్రింద నిలిచి తమిళపు పేరును చదివికొని వెడలిపోవుదురు. ప్రక్కనున్న వ్రాత తమదని వారికి చెప్పినవారు లేరు.

నేను తమిళనాట నొక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించువాడను. కొంతకాలముగా ఆదివారపు సాయంకాలములందు మావారి సత్రములో వయసు మీరినవారికి చిత్రకళాచరిత్ర చెప్పుచున్నాను. వచ్చువారిలో ఎక్కువమంది అరువది దాటినవారు. ఉద్యోగము విరమించినవారు, దుకాణము కొడుకులకు అప్పగించినవారు, మనుమల నెత్తుకొని వచ్చు అవ్వలు. "పిల్లలకు చెప్పవలసిన చదువు ముసలివారి కేల?" యని నన్నడిగినవారు పలువురు. బడిలో నాతోడి యుపాధ్యాయులే మొదట నవ్విరి. వారికి నేను చెప్పవలసిన సమాధానము కొంత చరిత్రతో ముడిపడియున్నది.

విజయనగర ప్రభువుల యేలుబడిలో 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో నిలిచెను. 1532లో చెవ్వప్ప నాయకుడు తంజావూరున రాజ్యము నారంభించెను. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట దక్షిణమునకు వలస మరింత పెరిగెను. సైనికులు, కాపులు, సాలెవారు, కవులు, భాగవతులు, చిత్రకారులు వచ్చిరి. తంజావూరు నాయకరాజ్యము 1673లోను, మధుర నాయకరాజ్యము 1736లోను అంతరించెను. ఈ కాలమున దక్షిణమున పుట్టిన తెలుగు సాహిత్యమును గూర్చి మన పండితులు విరివిగా వ్రాసినారు. రఘునాథ నాయకుని కవిత్వము, విజయరాఘవుని యక్షగానములు, మధుర వచనకావ్యములు ఎరుగని తెలుగు విద్యార్థి యుండడు. చిత్రముల మాట అంతగా రాలేదు. సాహిత్యచరిత్ర వ్రాసినవారికి గోడలతో పనిలేకపోయెను. కళాచరిత్ర వ్రాసినవారిలో పెక్కు రాంగ్లమున వ్రాసిరి. వారికి బొమ్మలోని రేఖ ముఖ్యమైనది, బొమ్మ ప్రక్కనున్న తెలుగు పేరు ఒక యడుగు గమనికతో సరిపోయెను. ఈ రెండు శాస్త్రముల నడుమ మా మండపపు తెలుగు అనాథయైనది.

ఈ కొరతను తీర్తునని బయలుదేరిన నా మొదటి పాఠములు చెడిపోయినవని దాపరికము లేకుండ చెప్పుచున్నాను. సత్రము గోడకు తెల్లని దుప్పటి కట్టి, దీపయంత్రముతో బొమ్మలు చూపితిని. అజంతా మొదలుకొని వరుసగా నడచితిని. పల్లవుల కాలము, చోళుల కాలము, విజయనగర కాలము అని నల్లబల్లమీద సంవత్సరములు వ్రాసితిని. మొదటి ఆదివారము పదునెనిమిదిమంది వచ్చిరి. మూడవ ఆదివారము ఎనిమిదిమంది. ఒక పెద్దాయన లేచి, "వాద్యారయ్యా, మీరు చెప్పేది మేలుగానే ఉండాది. అయితే మేము పరీక్ష రాసేది లేదే!" అనెను. అందరును నవ్విరి, నేనును నవ్వితిని. కాని ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు.

ఆయన మాటలో న్యాయము కలదు. మన పెద్దలకు కూడి కూర్చుండి నేర్చుకొను పద్ధతి యొకటి పూర్వమునుండియు నున్నదే. పురాణ కాలక్షేపమున ఒకరు చదువుదురు, ఒకరు అర్థము చెప్పుదురు, వినువారు నడుమ నడుమ ప్రశ్నింతురు, తమ యింటి సంగతి నొకదానిని కలుపుదురు. కథ యందరికిని తెలిసినదే. తెలిసినదానిని మరల వినుటలోనే రుచి. నేను ఈ పద్ధతిని విడిచి బడిపాఠము చెప్పితిని. నాలుగవ ఆదివారమునుండి తారీఖుల పట్టికను చుట్టిపెట్టితిని. ఒక సాయంకాలమునకు ఒకే చిత్రము. మొదట పావుగంట ఎవరును మాటలాడకుండ దానిని చూడవలెను. పిమ్మట ఎవరికి కనబడినది వారు చెప్పవలెను. చివరనే నేను నాకు తెలిసినది చెప్పుదును.

ఆ మార్పునకు ఫలము వెంటనే కనబడినది. ఆనాటి చిత్రము లేపాక్షి వీరభద్రాలయపు కప్పులోనిది. అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529–1542 నడుమ, విరుపణ్ణ, వీరణ్ణ అను అన్నదమ్ము లా గుడిని విస్తరించి కట్టించిరి. అక్కడి చిత్రములలో పురుషులు తలపై నిలువుగా పొడవైన టోపీలు ధరించి వరుసగా నిలిచియుందురు. ఆ టోపీని గూర్చి చరిత్రకారులు వ్రాసినది నేను చదివియుంటిని. దాని పేరు కుళ్ళాయి. పారసీక దేశపు కులాహ్ అను పదమునుండి వచ్చినది. తురుష్క సుల్తానుల కొలువులలోని వేషము విజయనగర కొలువునకును వచ్చి, కుళ్ళాయియు, కబాయియు రాజసభలో ప్రవేశించువానికి తప్పనిసరియైన ఉడుపులైనవి. శ్రీనాథుని చాటుపద్యమొకటి కర్ణాట కొలువున ఆ వేషము వేసికొనవలసివచ్చిన ఇబ్బందిని చెప్పుననుట మనవారందరు నెరిగినదే. ఇదంతయు చెప్పుటకు నేను సిద్ధముగా నుంటిని. నేను నోరు తెరవక ముందే వెనుక వరుసలోని అవ్వ యొకతె, "ఇది కుళ్ళాయి గాదా నాయనా! మా చంటిపిల్లలకు చలికి పెట్టేది," అనెను.

నా పుస్తకములోని పదము ఆమె యింటిలో నున్నది. సుల్తానుల కొలువునుండి విజయనగరమునకు, విజయనగరమునుండి మధురకు వచ్చి, రాజుల తలలమీదినుండి దిగి, పసిబిడ్డల తలలమీద నిలిచినది. మధురలో పుట్టి పెరిగి, ఒక తెలుగు పుస్తకమును చదువని ఆ అవ్వకు లేపాక్షి చిత్రములోని వస్తువు పేరు తెలియును. నాతో చదువుకొన్న పట్టభద్రులకు తెలియదు. ఆ రాత్రి నేనొక నోటుపుస్తకము కొని దాని మొదటి పుటలో "కుళ్ళాయి" అని వ్రాసితిని. పెద్దలకు ఈ చదువేల యని యడుగువారికి నా సమాధాన మప్పుడు దొరికినది. బొమ్మ గోడమీద నున్నది, దాని పేరు వీరి నోట నున్నది. ఈ రెంటిని కలుపవలసిన పని పిల్లలు పెద్దవారగువరకు ఆగదు.

తరువాతి కొన్ని ఆదివారములు పుదుమండపమునకు పోయినవి. తూర్పు గోపురమున కెదురుగా తిరుమల నాయకుడు (1623–1659) కట్టించిన ఈ మండపమున విశ్వనాథుడు మొదలుకొని తిరుమలుని వరకు పదిమంది నాయకుల నిలువెత్తు శిలావిగ్రహములు స్తంభములలో చెక్కబడియున్నవి. ఈ మండపము చాలకాలము దర్జీలతోను, గాజులు, పుస్తకములు అమ్మువారితోను నిండియుండెడిది. మా పెద్దలలో చాలమంది తమ పెండ్లి రవికలు అక్కడనే కుట్టించుకొన్నారు. కుట్టుమిషను వెనుక నిలిచియున్న రాజును మాత్రము చూడలేదు. ఇందు వారి తప్పేమియు లేదు; బొమ్మకు నూనె బట్టల మూట ఆనించియున్నపుడు అది తిరుమల నాయకుడని యెవరికి తోచును?

ఈ విగ్రహములకు కుళ్ళాయి యున్నను పూర్వపు పొడవు తగ్గి ఒక ప్రక్కకు ఒరిగియుండును. దేహము విజయనగరపు కబాయిని విడిచినది. పైభాగమున వస్త్రము లేదు. బొజ్జ నిండుగా నుండును. నడుమున దట్టి, దానిలో బాకు, చేతులు జోడించి దేవుని వైపు తిరిగియుందురు. రాజునకు బొజ్జ యేల యని ఒక యువకుడు నన్నడిగియున్న నేను శిల్పశాస్త్రమును వెదకుదును. మా తాతలలో నొకరు, "పెట్టినవాడు, తిన్నవాడు. వాని కడుపు నిండితేనే ఊరి కడుపు నిండు," అని ఒక్కమాటలో తేల్చెను. తంజావూరు నాయకుల అన్నదానములను, ఆ కాలపు కావ్యములలోని భోజన వర్ణనలను ఆధారము చేసికొని చరిత్రకారులు ఈ మాటనే పెద్ద గ్రంథములలో చెప్పినారు. ఆ కాలమున దానమును, భోగమును రాజలక్షణములైనవి. శిల్పి వానిని దేహమునందే చూపెను.

ఇక ఊంజల మండపము. అక్కడికి పోవుటకు ముందు రెండు వారములు సత్రములోనే అక్షరాభ్యాసము చేసితిమి. పలకలు, బలపములు తెచ్చి అ ఆ లు దిద్దించుట కాదు. పెద్దలు దాని కొప్పుకొనరు. నల్లబల్లమీద కొన్ని పేళ్ళను పైన తమిళమునను, క్రింద తెలుగునను వ్రాసితిని. తమిళము వారందరికి ధారాళముగా వచ్చును. పైపంక్తిని చదివి, క్రిందిపంక్తిలో ఏ యక్షర మే ధ్వనియో వారే పోల్చుకొనవలెను. మంగమ్మ, మీనాక్షి, చొక్కనాథుడు. మూడు పేళ్ళు ముగియునప్పటికి కొన్ని అక్షరములు వచ్చినవి. తమిళమున క, గ లకు ఒకటే అక్షరమనియు, తెలుగున వేరువేరనియు తెలిసినపుడు వస్త్రవ్యాపారము చేసి విరమించిన ఒకాయన, "మన తెలుగులో గొంతుకొక అక్షర ముండాదే!" యని ఆశ్చర్యపడెను. ఎదుటివారి భాషవలన మన లిపిని నేర్చుకొనుట వింతగా తోచవచ్చును. కాని చిత్రకారు డిరువురి కొరకును రెండు వ్రాతలను వ్రాసెను గదా! ఒకటి రెండవదానికి తాళపుచెవి యైనది.

రాణి మంగమ్మ కథను గూడ ముందే చెప్పుకొంటిమి. ఆమె చొక్కనాథ నాయకుని భార్య. 1682లో భర్త మరణించెను. 1689లో కుమారుడు ముద్దువీరప్ప మశూచికముచే మరణించెను. అతని భార్య గర్భవతి. మగబిడ్డను కని ఆమెయు మరణించెను. ఆ పసివాడే విజయరంగ చొక్కనాథుడు. అతని పేర మంగమ్మ దాదాపు పదునేడేండ్లు రాజ్యమును నడపెను. ఆమె పేరిటి సత్రము మధుర రైల్వేస్టేషన్ కెదురుగా నేటికిని కలదు. ఆమె తముక్కం భవనములో 1959నుండి గాంధీ స్మారక వస్తుప్రదర్శనశాల యున్నది. మనుమడు పెద్దవాడై 1732 వరకు ఏలెను. తెలుగున శ్రీరంగ మాహాత్మ్యము, మాఘ మాహాత్మ్యము వచనముగా రచించెను. ఈ కథలో రాజకీయము చాలకలదు గాని, మా పాఠమున అవ్వలు దానిని దాటివేసిరి. తల్లి, తండ్రి లేని బిడ్డ నెత్తుకొన్న అవ్వ యని వారికి బోధపడినది. వారిలో ఇద్దరు అట్లే మనుమలను పెంచుచున్నారు. ఆ సాయంకాలము మరి ప్రశ్నలు రాలేదు.

2018 ఫిబ్రవరిలో వీరవసంతరాయ మండపమున జరిగిన అగ్నిప్రమాదము తరువాత ఆలయములోనికి చరవాణులు కొనిపోరాదను నిషేధము వచ్చినది. కావున బొమ్మ తీసికొనివచ్చి ఇంట చూచుట పొసగదు. అక్కడనే, తల యెత్తియే చూడవలెను. అరువది దాటినవారి మెడకు ఇది కష్టము. ఒక అవ్వ తన సంచిలోని చిన్న అద్దమును తీసి అరచేత నుంచుకొని, వంగి కప్పును దానిలో చూచెను. తక్కినవారు నట్లే చేసిరి. కల్యాణము, పరివారము, రాణి, బాలుడు, అన్నియు అరచేతిలోనికి వచ్చినవి. కాని అద్దములో అక్షరములు తిరుగబడును. బొమ్మల నద్దములో చూచిరి; పేళ్ళు చదువుటకు గోడ కానుకొని, మెడపట్టి పైకి చూచిరి. తమిళపు పేరును అందరు నొక్కమారుగా చదివిరి. తెలుగు పేరును ఒక్కొక్క అక్షరముగా, బిడ్డలవలె కూడబలికిరి. దర్శనమునకు పోవువారు కొందరు నిలిచి, ఏమి జరుగుచున్నదో తెలియక తామును తలలెత్తి చూచిరి. అందొక తమిళ వృద్ధుడు "ఆ రెండవది ఏమి వ్రాత?" యని తమిళమున అడిగెను. మా వస్త్రవ్యాపారి, "మాది. తెలుగు," అని తమిళముననే చెప్పెను. "ఎప్పుడు వ్రాసినారు?" అని అతడడుగగా, "మంగమ్మ నాడు," అనెను. ఇద్దరును మరల పైకి చూచిరి.

"మీరెప్పుడు వచ్చినారు?" అను ప్రశ్న మావారు జన్మమంతయు వినునది. కోపముతో అడుగువారు కొందరు, ఊరక అడుగువారు పెక్కురు. ఆ ప్రశ్నకు వాదముతో సమాధానము చెప్పుటకన్న వ్రేలితో చూపుట సులభమని ఆనాడు తెలిసినది. అయినను ఇందొక ప్రమాదము కలదని చెప్పక తప్పదు. కప్పుమీది తెలుగును చూపి "ఇది మాది" యనుట తేలిక. గుడియంతయు మాదియే యను గర్వము దానివెంట వచ్చును. తంజావూరు ఆ గర్వమునకు మందు.

తంజావూరు బృహదీశ్వరాలయమును రాజరాజ చోళుడు 1010లో పూర్తిచేసెను. గర్భాలయము చుట్టు ఇరుకైన చీకటి ప్రదక్షిణమార్గము కలదు. దాని గోడలమీద నాయకుల కాలపు చిత్రములుండెడివి. 1931లో అన్నామలై విశ్వవిద్యాలయపు ఎస్.కె.గోవిందస్వామి ఆ పూత యడుగున మరియొక పూతను, దానిమీద చోళుల నాటి చిత్రములను కనుగొనెను. అవి నేడు లోకప్రసిద్ధములు. వానిని బయటికి తెచ్చుటకై పురావస్తుశాఖ రసాయనవిభాగమువారు పైనున్న నాయకుల పొరను గోడనుండి వేరుచేసి పలకలపై నతికి భద్రపరచినారు.

ఈ సంగతి చెప్పిననాడు సత్రములో పెద్ద వివాదము చెలరేగెను. "మనవాండ్ల బొమ్మలను ఊడదీసినారా?" యని కొందరు. "మనవాండ్లు వారి బొమ్మలమీద సున్నము పూసినదో?" యని మరికొందరు. నాలుగు వందల యేండ్లనాటి చిత్రకారుని పక్షమున నిజముగా కంటతడి పెట్టుకొన్న తాతను చూచితిని. కట్టడపు పనిలో జీవితము గడపిన మేస్త్రి యొకరు చివరకు లేచెను. గార, సున్నము, తేమ అతనికి తెలిసినట్లు మాలో నెవరికిని తెలియదు. "పైన పూత ఉండబట్టి క్రిందిది పొగకు, చేతులకు తప్పించుకొన్నది. దుప్పటి కప్పి పడుకోబెట్టినట్టు. లేపినవాడు దుప్పటిని చింపలేదు, మడతపెట్టినాడు. అంతకన్న ఏమి కావల?" అనెను. నాకు తోచునది గూడ అదియే. నాయకుల పొర తన చోటును కోల్పోయినది, అది నష్టమే, కాని నశింపలేదు. సున్నముకొట్టి, ఇసుకతో తోమి, నూనెరంగులతో మరల దిద్ది పూర్తిగా పోయిన మండప చిత్రములు దక్షిణదేశమున లెక్కకు మించియున్నవి. వాని కొరకు ఏడ్చువారు లేరు.

తంజావూరు పేరు చెప్పిన మావారికి గుడికన్న ముందు పటము తలపునకు వచ్చును. పూజగదిలో బంగారు రేకుతో మెరయు నవనీతకృష్ణుడో, పట్టాభిషిక్తుడైన రాముడో లేని పాతయిల్లు తక్కువ. మరాఠా ప్రభువుల కాలమున, విశేషముగా రెండవ శరభోజి (1798–1832) నాడు వృద్ధిపొందిన ఈ చిత్రణకు తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతములలో రాజులును, మధురలో నాయుళ్ళును ప్రధాన శిల్పులు. ఇరువురును తెలుగు మాటలాడు కుటుంబములవారే. తమిళమున దీనిని పలగై పడం అందురు, అనగా పలకమీది పటము. 2007–08లో తంజావూరు చిత్రమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. తెలుగుదేశపు పత్రికలలో దీనిని తమిళ కళ యని వ్రాయుట చూచితిని. తమిళదేశపు కళ యనుట సత్యమే. చేసిన చేతులు ఇంట నేమి భాష మాటలాడెనో గూడ ఒక వాక్యము వ్రాసిన బాగుండును.

ఇక్కడ నా తప్పొకటి చెప్పవలెను. పటమును చూపుచు, "బొమ్మ వ్రాసిన పిమ్మట ఆభరణములకు బంగారపు రంగు దట్టముగా పూయుదురు" అంటిని. చిన్ననాడు ఆ పని చేసిన కుటుంబమున పెరిగిన ఒక పెద్దాయన మెల్లగా చేయి యెత్తెను. పనసపలకమీద గుడ్డ నతికింతురు. దానిమీద సుద్దపొడి, జిగురు కలిపి పూసి నునుపు చేయుదురు. గీత గీసిన తరువాత, నగలు, తోరణములు, స్తంభములు వచ్చుచోట అదే సుద్దను జిగురుతో ముద్దచేసి ఉబ్బెత్తుగా నిలుపుదురు. దానిలో రాళ్ళు పొదిగి, దానిమీద బంగారు రేకు నతుకుదురు. రంగు చివర. "పూసేది కాదయ్యా, కట్టేది. మా నాయన సుద్ద నూరి నూరి చేతిగీతలు పోయినాయి," అనెను. ఆ వాక్యమును నోటుపుస్తకమున నెక్కించితిని. ఆ వారము పాఠమంతయు ఆయనదే. అవ్వలు తమ వంతుగా పటములోని నగలకు పేళ్ళు పెట్టిరి: వంకీ, కాసులపేరు, నాగరము, ముక్కెర, జడబిళ్ళ. వానిలో కొన్ని తమిళమునను అవే పేళ్ళతో నున్నవి. ఏది యెవరిదని తగవుపడుట కా సాయంకాలము ఎవరికిని తీరిక లేకపోయెను.

తిరువణ్ణామలై జిల్లాలోని చెంగమున వేణుగోపాల పార్థసారథి దేవాలయమున నాయకుల కాలపు రామాయణ చిత్రము లున్నవి. వానికి వ్రాసిన పేళ్ళు తెలుగులో నున్నవి, కథ యుద్ధకాండము. వాల్మీకిని గాక మన గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణమును చిత్రకారు డనుసరించెనని పండితులు గుర్తించినారు. పదమూడవ శతాబ్దపు తెలుగు ద్విపద, కవి పుట్టిన దేశమునకు దూరమున, తమిళదేశపు గుడి కప్పుమీద బొమ్మలై నిలిచినది. శ్రీకాళహస్తి కలంకారీ తెరలలో బొమ్మల వరుసల నడుమ తెలుగు వాక్యములు వ్రాయుట చూచినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. మా అవ్వలలో నొకతె ఊర్మిళాదేవి నిద్ర పాటను చిన్ననాడు తన అవ్వవద్ద నేర్చినది. ఆ కథ వాల్మీకములో లేదనగా ఆమె నమ్మలేదు. "లేకపోతే మా అవ్వకెవరు చెప్పినారు?" అనెను. చరిత్రకారుడు అడుగవలసిన ప్రశ్న యదియే.

కర్ణాటకమునందలి మన సోదరులకు హంపీ విరూపాక్షాలయపు రంగమండపము దగ్గరలోనే కలదు. విద్యారణ్యులను పల్లకిలో నూరేగించు చిత్రము దాని కప్పున నున్నది. అక్కడి పెద్దలును ఒక ఆదివారము అద్దములు పట్టుకొని పోవచ్చును.

మా పాఠములకు ఒక కాలపరిమితి కలదు. 2006నాటి తమిళ అభ్యాస చట్టము ననుసరించి ఆ సంవత్సరమునుండి ఒకటవ తరగతి మొదలు క్రమముగా అన్ని పాఠశాలలందును తమిళము తప్పనిసరి పాఠ్యమయినది. 2015–16 నాటికది పదవ తరగతికి చేరినది. తమిళము నేర్చుట మంచిదే. అది లేక ఈ నేలమీద బ్రతుకు లేదు. ఊంజల మండపమున మాకు తాళపుచెవి యైనదియు నదియే. కాని దినమునకు గంటలు పెరుగవు. తెలుగునకు మిగులు గంట సన్నగిల్లుచున్నది. మాట యింట నిలిచి, అక్షరము బడిలో తరుగుచున్నది. మాటను గూడ గట్టిగా పట్టుకొనియున్నవారు ఈ పెద్దలే. నోటుపుస్తకము మొదలుపెట్టిన తరువాత మా తరగతినుండి ఇద్దరు పోయినారు. ఒకరు సుద్ద నూరిన పనివాని కుమారుడు. ఆయన ఇంకను చెప్పవలసినది చాలకలదని మాకందరకు తెలియును.

కుళ్ళాయి యని చెప్పిన అవ్వ ఇప్పుడు తన మనుమరాలిని వెంట తెచ్చుచున్నది. ఆ బిడ్డ ఆరవ తరగతి, తెలుగు చదువదు. అవ్వయే ఆమెకు మంగమ్మ పేరులోని అక్షరములు నేర్పినది. వచ్చు మాసమున చెంగమునకు పోవుటకు బండి మాటలాడితిమి. అద్దములు మరువవలదని అందరికిని చెప్పితిని. మేస్త్రిగారు మెడకు పెట్టుకొనుటకు ఒక దిండును గూడ తెత్తుననినారు.